పుస్తెలు తెచ్చిన కార్బన్ గిర్ర

కోతలు కోసెటోళ్లు మా కరీంనగర్ల తక్కువేం లేరు గని, శ్యాంసుందర్ లెక్క కోసెటోడు మాత్రం ఒక్కడే. పదిహేడేండ్లు దుబాయ్‌ల ఏసీలు బాగు చేసి, ఇగ సాలని ఇంటికొచ్చి మంకమ్మతోటల ఉంటుండు. పొద్దున తొమ్మిదింటికి కమలవ్వ చాయ్ హోటల్ కాడికి వస్తడు. వచ్చిండంటే పదిన్నర దాక మా పనులన్నీ బందే.

ఆ రోజు బెంచీ మీద నేనూ నరేశూ ఉన్నం. నేను కరెంటు ఆఫీసుల లైన్‌మన్‌ను, సుధాకర్ అంటరు. నరేశ్‌కు మొబైల్ దుకాణం ఉన్నది. ఎదురుంగ కుర్సీల ప్రేమ్‌సాగర్‌రావు సార్ కూసున్నడు. ఊళ్లె భూములున్నోళ్లు, గని సార్ కాలేజీల లెక్కలు చెప్పి రిటైరైండు. ఎవ్వలు ఏ అంకె చెప్పినా ఆయన వేళ్లు వాటంతట అవే కదుల్తయి. కమలవ్వ పొయ్యి కాడ అల్లం దంచుతున్నది.

నరేశ్ కొత్తగ ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నడు. దాన్ని చూపించుకుంట, "గంటకు డెబ్బై పోతది కాకా, సప్పుడే ఉండది" అన్నడు.

శ్యాంసుందర్ చాయ్ గిలాస పక్కకు పెట్టిండు. ఇగ షురూ అయినట్టే.

"మంచిగున్నదిరా నరేశ్. నీ అసొంటి పోరగాళ్లకు సరిపోతది. గని మొన్న టవర్ సర్కిల్ కాడ గిసొంటి స్కూటరే ఒకటి నా ఎంబడి వడ్డది. నేను నా సైకిల్ మీద పోతున్న, అల్కగ, పాట పాడుకుంట. ఎనుకకు మల్లి సూస్తే ఆ పిల్లగానికి చెమటలు కార్తున్నయి. పాపమని నేను జర నిమ్మళం చేసిన. అయినా అందలే. గంతే. పెద్ద ముచ్చటేం కాదు."

"సైకిల్ మీదనా కాకా?"

"సైకిల్ దేముందిరా, మా బాపు తొక్కిన నల్ల సైకిలే. దాని ఎనుక గిర్ర ఉన్నది సూడు, గది మామూలు చక్రం కాదు. కార్బన్‌ది. పుల్లలే ఉండయి, జొన్నరొట్టె పెనం లెక్క నిండుగ, నల్లగ ఉంటది. దుబాయ్‌ల సైకిల్ పందేలు ఆడే హాల్ ఉన్నది, లోపట చెక్కలతోని చేసిన బాట, గిన్నె అంచు లెక్క వంగి ఉంటది, దాని మీద గిరగిర తిరుగుడే. ఆడ ఏసీలు నేనే సూసేది. ఒక ఇటలీ ఆయన నా రెండు చేతులు పట్టుకొని, 'శ్యాం, దీని దమ్ము నాతోని అయితలేదు, నువ్వే తీస్కపో' అన్నడు. అట్ల వచ్చింది."

"అంటే సెకండ్ హ్యాండ్‌దా?" అన్నడు రావు సార్.

"సెకండ్ హ్యాండే సార్, దాచుడెందుకు? పాతదైంది కాబట్టే మనిషి తట్టుకుంటుండు. అది కొత్తగున్నప్పుడు ఎక్కిన ఒకాయన ఇంకా దిగలేదట."

"దిగకపోతే తిండెట్ల?" అన్నది కమలవ్వ.

"ఇంటోళ్లు పక్కన నిలబడి రొట్టె విసురుతరట అవ్వా. సుట్టుకు ఒక బుక్క."

నరేశ్ నవ్వు ఆపుకున్నడు. నవ్వితే శ్యాంసుందర్ అలుగుతడు, అలిగితే మాకే నష్టం.

"తూకం ఎంతుంటదనుకున్నరు?" అని ఆయన బెంచీ మీదికి ఒక కాలు తెచ్చి పెట్టిండు. "కిరాణా దుకాణంల కాంట మీద పెట్టిన. సున్న మీద ఉన్న ముల్లు ఇంకా కిందికి పోయింది. దుకాణపాయన కండ్లు తుడుసుకున్నడు. దాని మీద కిలో చక్కెర పెట్టమన్న. పెట్టిండు. తొమ్మిది వందల గ్రాములు!"

రావు సార్ వేళ్లు కదిలినయి. "అంటే గిర్ర బరువు మైనస్ వంద గ్రాములు."

"గది మీరు చెప్పాలె సార్, లెక్కలోళ్లు. మా ఇంటామె బాలలక్ష్మి అయితే ఇంట్ల ఫ్యాన్ వేసే ముందు దాని మీద ఇసుర్రాయి పెడ్తది. ఒకనాడు మరిచిపోయింది, గిర్ర పోయి పక్కింటోళ్ల దండెం మీద కూసున్నది. నిచ్చెన వేసి తెచ్చుకున్న. గది గూడ పెద్ద ముచ్చట కాదు. అసలు తిప్పలేందో ఎరుకేనా? దానికి బిరీకులు ఉండయి. మామూలు సైకిల్ అయితే మనం కాళ్లు ఆపినా గిర్ర టకటక అనుకుంట దాని తొవ్వన అది తిరుగుతది. దీనికి గా కథ లేదు. గిర్ర తిరిగినంత సేపు పెడల్ తిరుగాల్సిందే. మొదట మనం దాన్ని తొక్కుతం, ఆ తర్వాత అది మనల్ని తొక్కుతది. మొదటి రోజు పాలకు పోయిన. పాలాయన ఇంటి ముందల ఆగుదామంటే ఆగనిస్తదా! వాడ సుట్టు తిరుగుతున్న. ఒక సుట్టుకు గిన్నె అందిచ్చిన, రెండో సుట్టుకు ఆయన లీటర్ పోసిండు, మూడో సుట్టుకు మూత పెట్టిండు. నిమ్మళంగ తిప్పుకుంట ఇల్లు చేరేసరికి ఏమైందో ఎరుకేనా? పాలు పెరుగైనయి, పెరుగు సల్లైంది, సల్ల మీద వెన్న తేలింది!"

"ఎంత వెన్నొచ్చిందిరా?"

"పావుకిలో అవ్వా."

"మరి నాకు జరంత తేకపోతివి."

"తెద్దామనే బయలెల్లిన అవ్వా. నీ హోటల్ కాడ ఆగలే గద!"

ఇగ అందరం నవ్వినం. ఆయన కూడ నవ్విండు. మేం నవ్వినమంటే ఆయనకు ఇంకో నాలుగు మెట్లు ఎక్కే ఇజాజత్ దొరికినట్టే. మీసం సదురుకున్నడు.

"గిదంత ఉత్త ముచ్చట. అసలుది పోయిన నెల మా రమ లగ్గం నాడు అయ్యింది. రమ అంటే మా చెల్లె బిడ్డ. చెల్లె పోయి ఆరేండ్లాయె, ఇగ ఆ పిల్లకు ముందు ఎనుక మేమే. పదకొండు ఇరవైకి ముహూర్తం. తీగల వంతెన అవతల ఫంక్షన్ హాల్. మా ఇండ్లల్ల పుస్తె మట్టెలు మేనమామ తేవాలె, గది రివాజు. పొద్దున్నే అందర్ని కార్లల్ల తోలిచ్చిన. నేను పుస్తెలు దేవుని ముందల పెట్టి, పూజ చేసి, ఎనుక వస్తనన్న. కారు మల్ల పంపుతమన్నరు. పదిన్నరాయె, కారు రాలే. పదకొండాయె, రాలే. ఫోన్ చేస్తే, 'మామా, కమాన్ కాడ గడ్డి లారీ అడ్డం వడ్డది, బండి ఇంచు కదుల్తలేదు' అన్నరు. ఇంట్ల నేనొక్కన్ని, చేతిల పుస్తెల డబ్బ, గోడకు సైకిల్. ఇంకొకడైతే పరేషానయ్యి ఆడనే కూలవడ్తుండె. నాకేం ఫికర్? డబ్బ అంగీ లోపట పెట్టిన, పంచె కాసెపోసి కట్టిన, ఎక్కిన."

"ఎన్నింటికి ఎక్కినవ్?" అన్నడు రావు సార్.

"పదకొండు పదమూడు. బరాబర్. తొక్కుడు షురూ చేసిన. ఒక్క తొక్కుకు గీతాభవన్ చౌరస్తా. ఆడ ఎర్ర లైట్ వడ్డది. వడ్డది గని, నేను దాటిపోయినంక వడ్డది, నన్ను సూసి అది సిగ్గుతోని ఎర్రగైందని జనం అనుకుంటుండ్రు. కెమెరా ఫొటో తీసింది. ఫొటోల సైకిల్ లేదు, నేను లేను, ఒక తెల్ల గీత, ఆ గీత కొసకు నా మీసం. నా నీడ ఉన్నది సూడుండ్రి, గది ఆడనే నాతోని కాదని కూలవడ్డది. సాయంత్రం నడుసుకుంట ఇంటికొచ్చింది. మా బాలలక్ష్మి దానికి మంచినీళ్లిచ్చింది."

"నీడకా!" అన్న నేను.

"అలిసిపోయి వచ్చింది గదా సుధాకర్, ఇయ్యద్దా? ఇగ కమాన్ కాడికి వచ్చిన. సూస్తే ఏముంది, కార్లు, ఆటోలు, బస్సులు, అన్నీ ఒకదాని మూతి ఒకటి పట్టుకొని నిలవడ్డయి. ముందల అడ్డంగ గడ్డి లారీ. ఆగుదామంటే బిరీకులు లేవు. పక్కకు పోదామంటే సందు లేదు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? గడ్డి మీదికే ఎక్కిచ్చిన! సర్రున పైకి పోయింది, ఆ కొసకెల్లి లేసింది సైకిల్, ఇగ గంత ఎత్తు కమాన్ దర్వాజ నా కింద ఉన్నది. పైన పావురాలు 'జరుగు జరుగు' అని ఒకదాన్నొకటి జరుపుకున్నయి. ఒక పావురం అయితే నా భుజం మీద కూసొని, అవతలి దిక్కు దిగిపోయింది. దానికి గూడ జామే ఉండె మరి."

అప్పుడే ఒక ఆటో వచ్చి హోటల్ ముందల ఆగింది. ఖాకీ అంగీ ఆయన, ముప్పై ఏండ్లుంటయి, దిగి కమలవ్వ కాడ చాయ్ తీసుకున్నడు. మా బెంచీ ఎనుక గోడకు ఆనుకొని నిలవడ్డడు. తొవ్వన పోవుకుంట ఆగిన గిరాకీనే అనుకున్నం. శ్యాంసుందర్ దిక్కు ఒకసారి సూసిండు, మల్ల ఇంకోసారి సూసిండు. శ్యాంసుందర్ ఆయన దిక్కు సూడనే లేదు. కమాన్ మీదికెల్లి కిందికి దిగే పనిల ఉన్నడు.

"దిగుడు గూడ నేల మీద దిగలే. నేల మీద జాగెక్కడిది? తీగల వంతెన ఉన్నది గద, దాని తీగ మీద దిగిన. తీగ పట్టుకొని పైకి ఎక్కిన, స్తంభం కొస దాక. ఆడికెల్లి సూస్తే, అబ్బబ్బ! ఇటు ధర్మపురి గుడి గోపురం, అటు మందమర్రి బొగ్గు గుట్టలు. ఫంక్షన్ హాల్ల మా రమ పీటల మీద కూసొని తలుపు దిక్కే సూస్తుండుడు గూడ కనవడ్డది నాకు."

ఆ మాట కాడ ఆయన గొంతు జర తగ్గింది. దగ్గి, మల్ల అందుకున్నడు.

"అవతలి తీగ మీదికెల్లి జారుకుంట సీదా హాల్లకే పోయిన. పదకొండు పంతొమ్మిది. అందరు లేసి నిలవడ్డరు. గని ఆగుడెట్ల? పందిరి సుట్టు తిరుగుతున్న. మొదటి సుట్టుల మంత్రాలు చదివే అయ్యగారు చెయ్యి సాపిండు, అందలే. రెండో సుట్టుల పెండ్లి పిల్లగాడు అందుకోబోయిండు, వాని తలపాగ నా చేతికొచ్చింది. మూడో సుట్టుల తలపాగ వాని నెత్తిన పెట్టి, పుస్తెల డబ్బ అయ్యగారి ఒళ్లె వేసిన. బాజాలు మోగినయి. ముహూర్తానికి ఒక్క సెకండు ఇటు లేదు, అటు లేదు."

"అయితే లగ్గం అయింది" అన్నది కమలవ్వ, అల్లం దంచుడు ఆపి.

"లగ్గం అయింది అవ్వా, నా సైకిల్ ఆగలే! వంటల దిక్కు తలుపులకెల్లి బయటవడ్డది. వడ్డించేటాయన తెలివిగలోడు, పోతుంటే నా నోట్లె ఒక బూరె పెట్టిండు. బూరె నమిలేసరికి ధర్మపురి. లక్ష్మీనరసింహస్వామి గుడి సుట్టు మూడు ప్రదక్షిణలు, దండం గూడ తొక్కుకుంటనే. ముందల గోదావరి. సూసిన. గిర్ర నిండు పళ్లెం అయిపాయె, నీళ్ల మీద పోరగాళ్లు పెంకాసు ఏస్తే తప్ తప్ మని ఎగురుకుంట పోతది సూడు, గట్ల పోయింది. అవతలి ఒడ్డుకు పోయేసరికి పంచె కొస గూడ తడవలే. ఆడికెల్లి గాలి తోస్తే మందమర్రి. ఏ తొవ్వన పోతున్ననో నాకే తెల్వది, సీదా బొగ్గుబాయిలకు దిగింది! లోపట చిమ్మచీకటి. కార్మికులు, 'అన్నా, నెత్తి మీద లైటు లేకుంట దిగద్దు' అని మొత్తుకుంటుండ్రు. లైటెందుకు? రాపిడికి గిర్ర ఎర్రగ కాలి వెలుగుతున్నది. ఆ వెలుగుల వాళ్లు ఒక షిఫ్ట్ బొగ్గు కొట్టుకున్నరు."

"బాయిలకెల్లి ఎట్ల బయటవడ్డవ్ కాకా?" నరేశ్ తన స్కూటర్ సంగతి ఎప్పుడో మరిచిపోయిండు.

"లోపలికెల్లి లోపలికే పోయి నిర్మల్ల తేలిన."

"నిర్మల్ల బొగ్గుబాయే లేదు!" అన్నడు రావు సార్.

"నేను బయటవడ్డంక అయింది సార్, ఒక బొంద. నిర్మల్ల బొమ్మలు చేసేటాయన ఒకాయన వాకిట్ల కుంచె పట్టుకొని కూసున్నడు. నా గిర్ర పోతుంటే ఆయన కుంచె తాకింది. గంతే. ఒక్క సుట్టుకు నెమలి మొత్తం పడ్డది, పింఛంతోని సహా. ఆయన గూడ కుంచె కింద పెట్టి, 'గిదే నేను ఇన్నేండ్ల నుంచి వెయ్యాలనుకున్న నెమలి' అన్నడట. అన్నడట అని ఎందుకంటున్ననంటే, ఆయన అనేసరికి నేను ఆదిలాబాద్ల ఉన్న. ఆడ సలి మీకు ఎరుకే గద. కాలిన గిర్ర సుయ్యిమని సల్లవడ్డది. ఒక పెద్దమనిషి అడ్డం వచ్చి, 'థాంబా, థాంబా!' అని మొత్తుకుంటుండు. ఆగుమని. ఆడి మనుషుల మాటల మరాఠీ కలుస్తది. నాకేం తెలుసు, 'ఖంబా, ఖంబా' అంటుండనుకున్న. సూస్తే నిజంగనే ముందల కరెంటు ఖంబా. సుధాకర్, మీ డిపార్ట్‌మెంటుదే. వాటేసుకున్న. ఆ ఊపుకు దాని సుట్టు నూటెనిమిది సుట్లు తిరిగిన, వదిలేసరికి నా మొకం కరీంనగర్ దిక్కున్నది."

"ఖంబా వంగిందా మరి?" అన్న నేను. లైన్‌మన్‌ను గదా, ఉండవట్టలే.

"వంగుడా? స్క్రూ లెక్క బిగిసింది! మూడు ఫీట్లు భూమిలకు దిగింది. గిప్పుడు గాలిదుమారం వచ్చినా ఆదిలాబాద్ల ఆ ఒక్క ఖంబా కదలది. మీ పెద్దసార్లు నాకు సన్మానం చెయ్యాలె అసలు. ఆడికెల్లి గింత వస్తే మల్ల ఫంక్షన్ హాల్. పదకొండు ఇరవై నాలుగు. అందరు వేసిన అక్షింతలు ఇంకా గాలిలనే ఉన్నయి. నేను వేసినయే ముందుగాల పిల్ల నెత్తిన వడ్డయి."

రావు సార్ వేళ్లు ఇగ ఆగలే. "ధర్మపురి, మందమర్రి, నిర్మల్, ఆదిలాబాద్, మల్ల వాపసు. ఎంత తక్కువ వేసుకున్నా ఐదు వందల కిలోమీటర్లు. ఐదు నిమిషాలల్ల! శ్యాంసుందర్, రాకెట్ గూడ..."

"ఎదురు గాలి ఉండె సార్. లేకుంటే మూడు నిమిషాలే."

సార్ చేతులు ఎత్తేసిండు. నరేశ్ బెంచీ మీద దొర్లి నవ్వుతుండు. జర సేపాగి సార్ కండ్లద్దాలు తుడుసుకుంట అడిగిండు. "అన్నీ ఒప్పుకుంట. ఒక్కటి చెప్పు. బిరీకులు లేవంటివి, తొక్కుడు ఆగదంటివి. మరి ఆఖరికి సైకిల్ ఆగిందెట్ల?"

శ్యాంసుందర్ దానికి గూడ ఏదో తయారు చేసుకున్నడు, మొకంల కనవడ్డది. నోరు తెర్సేలోపట ఎనుక గోడ కాడికెల్లి మాట వచ్చింది.

"ఆగింది కమాన్ కాడనే సార్."

అందరం మల్లి సూసినం. ఆటో ఆయన. ఖాళీ గిలాస చేతుల పట్టుకొని ముందలికి వచ్చిండు.

"నా పేరు లక్ష్మణ్. ఏమనుకోకు కాకా. ఆ రోజు నా మొకం నువ్వు సూడలే గని, నీ మొకం నేను మరిచిపోలే. జాము ముచ్చట నిజం. గడ్డి లారీ గూడ నిజమే. ఆ లైన్ల ఖాళీ ఆటోతోని నేను నిలబడి ఉన్న. ఈ కాకా పక్క సందులకెల్లి వస్తుండు సైకిల్ మీద, ఆగుదామని కాళ్లు బిగవడ్తుండు, అది ఆగుతలేదు, 'జరుగుండ్రి, జరుగుండ్రి' అని మొత్తుకుంటుండు. స్పీడ్ బ్రేకర్ ఎక్కంగనే ఎనుక టైర్ ఊడింది. ఆ గిర్రకు ట్యూబే ఉండదట, టైర్‌ను గమ్ముతోని అతికిస్తరట. ఊడిన టైరు పాము లెక్క సుట్టుకున్నది. సైకిల్ ఒక దిక్కు, కాకా ఒక దిక్కు. ఎగిరిన మాట మాత్రం అబద్ధం కాదు సార్, ఎగిరి నా ఆటో ముందల వడ్డడు."

నరేశ్ పక్కున నవ్విండు. మేం గూడ నవ్వినం. శ్యాంసుందర్ గిలాస దిక్కు సూస్తుండు. లక్ష్మణ్ మాత్రం నవ్వలే.

"మోకాలు పగిలి పంచె అంత నెత్తురు. నేను దిగి లేవదీస్తే, నన్ను పక్కకు తోసి ముందుగాల అంగీ లోపట చెయ్యి పెట్టి డబ్బ సూసుకున్నడు. తెర్సి సూసిండు, మూసిండు. సైకిల్ ఏమైందో, ఆ గిర్ర ఏమైందో ఒక్కసారి గూడ మల్లి సూడలే. ఆటో ఎక్కి, 'తమ్మీ, పిల్ల పీటల మీద కూసున్నది, జల్ది పోనియ్యి' అన్నడు. పోనిద్దామంటే తొవ్వేది? అప్పుడు ఈ కాకా ఏం చేసిండో చెప్తే మీరు నమ్మరు. ఆటో దిగిండు. కుంటుకుంట నా ముందల నడిసిండు. ఒక్కొక్క బండి కాడికి పోవుడు, చేతులు జోడిచ్చుడు, 'అన్నా, జర ఎనుకకు తియ్యి, లగ్గం ఆగుతది' అనుడు. తియ్యనంటే తనే స్కూటర్ల ఎనుక సీటు పట్టుకొని పక్కకు లేపుడు. ఒకాయన తిట్టిండు. దండం పెట్టి ఆయన బండి గూడ జరిపిండు. ఎన్ని బండ్లు జరిపిండో నేను లెక్కవెట్టలే. లారీ పక్కన సందు చేసుకుంట, కమాన్ దాటి వంతెన ఎక్కే దాక కుంటుకుంటనే నడిసిండు, నేను ఎనుక ఆటో పోనిచ్చిన."

పొయ్యి మీద పాలు పొంగబోతే కమలవ్వ గరిట పెట్టి తిప్పింది. కండ్లు మాత్రం శ్యాంసుందర్ మీదనే ఉన్నయి.

"మూడు నిమిషాలుందనంగ హాల్ చేరినం. లోపలికి పోతడనుకున్న. తలుపు కాడ ఆగిండు. పంచెకు నెత్తురున్నదని, శుభమా అని పిల్ల లగ్గంల నెత్తురుతోని ఎట్ల పోవాలన్నడు. లోపలికెల్లి ఒకామె ఉరుక్కుంట వచ్చింది..."

"మా బాలలక్ష్మి" అన్నడు శ్యాంసుందర్, తల ఎత్తకుంటనే.

"అయితే ఆమెనే. ఆమె చేతుల డబ్బ పెట్టి, 'నువ్వు పో, నేను చెయ్యి కడుక్కొని వస్త' అన్నడు. చెయ్యి కడుక్కోలే, ఏం లేదు. బయట పందిట్ల, తలుపులకెల్లి పీటలు కనవడే జాగల నిలవడ్డడు. బాజాలు మోగంగనే ఆడనే మన్నుల కూసున్నడు. కూసొని సిన్న పోరడు ఏడ్సినట్టు ఏడ్సిండు సార్. నేను మంచినీళ్లిచ్చిన, తాగలే. జర సేపు ఉండి గిరాకీ ఉందని నేను వచ్చేసిన. గా పిల్ల ఎవలో, ఈయన ఎవలో నాకు తెల్వది. ఇయ్యాల గీడ కాకా గొంతు విని, అరె, గీయనే గద అనుకున్న."

నరేశ్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. రావు సార్ వేళ్లు మోకాలు మీద ఊకున్నయి. నాకైతే ఆయన ఇన్ని రోజులు కుంటుకుంట వస్తుంటే ఒక్కనాడు గూడ ఏమైందని అడగకపోతినని మనసుల గుచ్చుకున్నది. ఐదు వందల కిలోమీటర్ల ముచ్చట చెప్పిన మనిషి గీ కిలోమీటర్ ముచ్చట చెప్పకపాయె.

"ఆ మాట ముందే చెప్పకపోతివా శ్యాంసుందర్" అన్నడు రావు సార్, నిమ్మళంగ.

"దాంట్ల చెప్పేతందుకేమున్నది సార్?" అన్నడు ఆయన. "బండ్లు జరుపుడు గూడ ఒక ముచ్చటేనా?"

ఇగ ఆయనకే ఊకుండవట్టలే. మీసం మీదికి చెయ్యి పోయింది, తలకాయ లేసింది.

"గని తమ్మీ, ఏడ్సిన అంటివి సూడు, గది మాత్రం తప్పు. ఏడ్సుడెక్కడిది? గాలికి కండ్లల్ల నీళ్లొచ్చినయి. నువ్వు ఆటో తోలిన స్పీడ్‌కు ఎవలికైనా వస్తయి. వంతెన మీద ఎనభై పోనిచ్చినవ్ నువ్వు, నేను మీటర్ సూసిన."

"నా బండి నలభై దాటది కాకా" అన్నడు లక్ష్మణ్.

"ఎనభై!" శ్యాంసుందర్ మా దిక్కు మల్లిండు. గొంతు మల్ల పెరుగుతున్నది. "ఆ గాలికి నా ముందల కూసున్న ఈ పిల్లగాని ఖాకీ అంగీ..."

"ఆగురా కొడుకా" అన్నది కమలవ్వ. గరిట పక్కకు పెట్టి, కొంగుకు చేతులు తుడుసుకుంట ముందలికి వచ్చింది. "నువ్వు ఏడ్సింది ఆటోల కాదు గద. ఆటో దిగినంక, పందిట్ల, మన్నుల కూసొని. కూసున్న మనిషికి గాలి ఎక్కడికెల్లి వచ్చిందిరా?"

శ్యాంసుందర్ నోరు తెర్సిండు. మేం అందరం సూస్తున్నం, ఏమంటడో అని. లక్ష్మణ్ గూడ సూస్తుండు. ఆయన నోరు మూసి, మల్ల తెర్సిండు.

మాట రాలే.